చెన్నై కంటే దగ్గరైనా.. తాష్కెంట్ దూరమైంది!

న్యూఢిల్లీ: ఢిల్లీ నుంచి చెన్నైకి గగనమార్గంలో దూరం సుమారు 1,750 కిలోమీటర్లు. ఉజ్బెకిస్థాన్ రాజధాని తాష్కెంట్‌కు సుమారు 1,580 కిలోమీటర్లే. అయినా 2025 ఏప్రిల్ చివర్లో ఇండిగో తన తాష్కెంట్, అల్మాటీ సర్వీసులను నిలిపివేయాల్సి వచ్చింది. చుట్టుదారిలో అక్కడికి చేరడం తమ విమానాల పరిధికి మించిన పని అని ఆ సంస్థ వివరించింది.

పహల్గాం ఉగ్రదాడి అనంతర పరిణామాల్లో 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ భారత విమానాలకు తన గగనతలాన్ని మూసివేసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా అదే చర్య తీసుకుంది. తర్వాత ఉభయ దేశాలూ నెలకోసారి ఆ గడువును పొడిగిస్తూ వచ్చాయి. 1944 నాటి షికాగో ఒప్పందం ప్రకారం ప్రతి దేశానికీ తన గగనతలంపై సంపూర్ణ సార్వభౌమాధికారం ఉంది.

ఉత్తర భారతం నుంచి పశ్చిమానికి వెళ్లే భారత విమానాలు ఇప్పుడు అరేబియా సముద్రం వైపు దిగి చుట్టూ తిరగాలి. దారి పెరిగితే ఇంధనం పెరుగుతుంది. ఆ బరువుకు తగ్గట్టు ప్రయాణికులనో, సరకునో తగ్గించుకోవాలి. లేదంటే మధ్యలో ఇంధనం కోసం ఆగాలి. ఎయిరిండియా ఉత్తర అమెరికా సర్వీసులు కొన్ని వియన్నా, కోపెన్‌హాగన్‌లలో ఆగింది ఇందుకే. 2025 సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసును రద్దు చేసినప్పుడు, విమానాల కొరతతో పాటు ఈ మూసివేతనూ ఆ సంస్థ కారణంగా చూపింది.

నిషేధం వర్తించేది భారత విమానాలకే. విదేశీ సంస్థలకు పాత దారి తెరిచే ఉంది. అందువల్ల ఒకే రెండు నగరాల మధ్య ప్రయాణ సమయం విమానం ఏ దేశానిదన్న దానిపై ఆధారపడుతోంది. రష్యా విషయంలో పరిస్థితి తలకిందులు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 నుంచి ఐరోపా, అమెరికా సంస్థలకు ఆ ఆకాశం మూతపడగా, ఎయిరిండియా అటుగానే ప్రయాణిస్తోంది. ఫిన్నెయిర్ హెల్సింకి-టోక్యో ప్రయాణం సుమారు 9 గంటల నుంచి 13 గంటలకు పెరిగింది.

నష్టం ఏ ఒక్కరిదో కాదు. బాలాకోట్ దాడుల తర్వాత 2019లో సుమారు అయిదు నెలలు పాక్ గగనతలం మూతపడినప్పుడు, జులై 2 నాటికే ఎయిరిండియా రూ.491 కోట్లు నష్టపోయిందని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఈసారి జూన్ 30 వరకే తమ ఆదాయానికి 410 కోట్ల పాకిస్థానీ రూపాయల గండి పడిందని పాక్ ప్రభుత్వం ఆ దేశ పార్లమెంటులో అంగీకరించింది.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లే తెలుగువారిపై ప్రభావం తక్కువే. ఢిల్లీలో ఎయిరిండియా విమానం ఎక్కేవారికి మాత్రం అదనపు గంటలు తప్పవు. ఎక్కువ దూరం ఎగరగల విమానాలు వస్తే నిలిచిపోయిన సర్వీసులు మళ్లీ మొదలు కావచ్చు. చుట్టుదారి ఖర్చు, సమయం మాత్రం అలాగే ఉంటాయి. భారత్, పాకిస్థాన్ 1966 జనవరి 10న శాంతి ఒప్పందంపై సంతకాలు చేసింది తాష్కెంట్‌లోనే. ఆ నగరానికి దగ్గరి దారి మళ్లీ తెరుచుకోవాలన్నా ఆ రెండు దేశాలే అంగీకారానికి రావాలి.