రాగి తీగ దొంగతనాలు: తొలి కొనుగోలుదారు వద్దనే అడ్డుకట్ట అవసరం

హైదరాబాద్: పొలాలలోని ట్రాన్స్‌ఫార్మర్లను పగులగొట్టి, నూనె పారబోసి, లోపలి రాగి చుట్టలను అపహరించుట తెలంగాణ పల్లెలలో ఏళ్ల తరబడి సాగుతున్న నేరం. దొంగకు దక్కేది కొన్ని కిలోల రాగి. రైతుకు మిగిలేది కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చేవరకు నీరందని పైరు.

విద్యుత్ సామగ్రి దొంగతనానికి 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ మూడేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తున్నది. నేరం పునరావృతమైతే శిక్ష ఆరు నెలలకు తగ్గరాదు, అయిదేళ్ల వరకు ఉండవచ్చు. శిక్షకు లోటు లేదు. లోపించినది ఆధారం. పైతొడుగు కాల్చివేసిన తీగ ఎవరిదో చెప్పుట దాదాపు అసాధ్యం.

విజయవాడ, నాగార్జునసాగర్ రహదారులు నగరంలో ప్రవేశించేది ఎల్.బి.నగర్ వద్దనే. పక్కనున్న దిల్‌సుఖ్‌నగర్ వ్యాపార కేంద్రం. భవనాల మరమ్మతులు, ఏసీల మార్పిడి నిత్యం జరిగేచోట సక్రమమైన రాగి తుక్కు కూడా విస్తారంగా లభిస్తుంది. దొంగసొత్తు అందులో కలిసిపోయే అవకాశమూ అంతే ఎక్కువ.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం దొంగసొత్తును తెలిసి కొనుట నేరం. అదే అలవాటుగా చేసేవారికి యావజ్జీవం వరకు శిక్ష పడవచ్చు. అయితే ‘తెలిసి’ గాని, దొంగసొత్తని నమ్మేందుకు కారణం ఉండి గాని కొన్నట్లు రుజువు చేయవలసి ఉన్నది. పురపాలక ట్రేడ్ లైసెన్సు దుకాణానికి సంబంధించినది. సరుకు తెచ్చినవారెవరో దానివల్ల తెలియదు.

ఒక దారి పన్ను చట్టంలోనే ఉన్నది. రిజిస్ట్రేషన్ లేనివారి నుండి లోహపు తుక్కు కొనే రిజిస్టర్డ్ వ్యాపారి 2024 అక్టోబరు 10 నుండి తానే జీఎస్టీ చెల్లించవలసి ఉన్నది, అందుకు బిల్లు తానే రాసుకోవాలి. ఆ బిల్లుకు అమ్మకందారు గుర్తింపు పత్రం నకలు జతచేయుట పెద్ద భారం కాదు. రిజిస్ట్రేషన్ లేని చిన్న దుకాణాలు మాత్రం దీని పరిధిలోకి రావు. అసలు చిక్కు అక్కడే.

ఇంగ్లాండు, వేల్స్‌లలో 2013 చట్టం తుక్కు వ్యాపారులకు లైసెన్సును, అమ్మకందారు గుర్తింపు తనిఖీని, మూడేళ్లపాటు రికార్డుల భద్రతను తప్పనిసరి చేసింది. నగదు చెల్లింపులను నిషేధించింది. తరువాత దొంగతనాలు తగ్గినవి. అదే కాలంలో రాగి ధరలూ తగ్గినందున ఘనత అంతా చట్టానిదే అనుట తొందరపాటు.

తోపుడుబండిపై పాత కాగితాలు, ఇనుము కొని పొట్టపోసుకునేవారిని ఈ నిబంధనలతో వేధించుట తగదు. నియంత్రణను రాగికే పరిమితం చేసి, స్వల్ప తూకానికి మినహాయింపు ఇవ్వవచ్చు. కాల్చిన రాగి అంతా దొంగసొత్తు కాకపోయినా, దానికి మాత్రం తూకమెంత తక్కువైనా పేరు, చిరునామా నమోదు కావలసినదే.