ఆరోగ్య విషయములు: వాకిటి పిలుపు

మధుమేహము గల యిండ్లలో తరచుగా వినబడు సందేహ మొకటి గలదు. "రక్తములో ఇన్సులిన్ కావలసినంత యున్నదనియు, ఒక్కొక్కప్పు డెక్కువగానే యున్నదనియు వైద్యులు చెప్పుచున్నారు. అట్లయిన చక్కెర యేల తగ్గదు?" అని గృహిణు లడుగుచుందురు. ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీని సమాధానము మన శరీరమందలి కణముల వాకిట నున్నది. దానిని తెలిసికొన్నచో రోగిని నిందించుట మాని, చేయదగిన పనిని చేయుటకు వీలగును. కావున ఈ మాసము ఆ విషయమునే ముచ్చటింప దలచితిమి.

మన జీర్ణాశయమునకు వెనుక క్లోమ మను గ్రంథి యున్నది. భుజించిన యన్నము చక్కెరగా మారి రక్తమున చేరగానే, ఆ గ్రంథి ఇన్సులిన్ అను స్రావమును రక్తములోనికి విడుచును. 1921లో కెనడా దేశమందలి టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారు దీనిని జంతువుల క్లోమమునుండి తీసిరి. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు దానిని సూదిమందుగా నిచ్చిరి. కాలిప్ అను శాస్త్రజ్ఞుడు శుద్ధిచేసిన మందు పడిన పిమ్మట, మృత్యుముఖమున నున్న యా బాలుడు కోలుకొనెను. అయితే 1936లో లండనునందు హిమ్స్‌వర్త్ అను వైద్యుడు మరియొక సంగతిని గుర్తించెను. ఇన్సులిన్ ఇచ్చినచో కొందరు రోగులకు చక్కెర చక్కగా తగ్గుచున్నది. మరికొందరి కంతగా తగ్గుటలేదు. అనగా కొందరికి దూతయే లేదు; కొందరికి దూత యున్నను, ఆ మాట చెల్లుటలేదు.

మాట యేల చెల్లదో తెలియవలెనన్న, అది యెట్లు చెల్లునో ముందు తెలియవలెను. ప్రతి కణమును చుట్టి క్రొవ్వుతో నైన పలుచని పొర యుండును. ఇన్సులిన్ 51 ఎమినో ఆమ్లములు గూర్చిన మాంసకృత్తు, అనగా ప్రోటీను. అంతటి పదార్థము ఆ పొరను దానంతట తాను దాటి పోజాలదు. తన పిలుపు నందించుటకు పోనక్కరయు లేదు. మన యూళ్లలో పేరంటమునకు పిలువవచ్చిన ముత్తైదువ వాకిట నిలిచి, ఇల్లాలికి బొట్టు పెట్టి, మాట చెప్పి మరలును. ఆమె వంటయింటిలోనికి రాదు. అయినను లోపల అత్తగారికి తెలియును, కోడలికి తెలియును, ఇల్లంతయు కదలును. కణములలో జరుగునదియు ఇట్టిదే.

కణపు పొరలో ఇన్సులిన్‌కై గ్రాహకము లున్నవి. ఒక్కొక్క గ్రాహకమునకు నాలుగు భాగములు. రెండు వెలుపల నుండి ఇన్సులిన్‌ను పట్టుకొనును. రెండు పొరను దాటి లోపలికి చొచ్చియుండును. ఇన్సులిన్ వచ్చి తగులగానే గ్రాహకము ఆకారము మార్చుకొనును. అంతట లోపలి భాగములు రెండును ఒకదానిమీద నొకటి ఫాస్ఫేటు అను చిన్న గుర్తును పెట్టుకొనును. ఇట్లు గుర్తు పెట్టగల శక్తి గ్రాహకమునందే యున్నదని 1982లో అమెరికాయందలి బోస్టన్ నగరమున శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ ఫాస్ఫేటు ఎ.టి.పి. అను పదార్థమునుండి వచ్చును. 1929లో ఆ ఎ.టి.పి.ని కండరములలో కనుగొన్నవారిలో మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో గూడి ఆయన ఆ పని చేసెను.

గుర్తు పడిన గ్రాహకమునొద్దకు ఐ.ఆర్.ఎస్. అను మాంసకృత్తు చేరి, తానును ఫాస్ఫేటు గుర్తును పొందును. ఆ గుర్తును చూచి పి.ఐ.3 కైనేజ్ అనునది వచ్చి, పొర లోపలివైపున నున్న యొక విధమగు క్రొవ్వు పదార్థముమీద గుర్తు నుంచును. ఆ క్రొవ్వును చూచి ఎ.కె.టి. అనునది చేరి, తానును గుర్తు పొంది పనిలోనికి దిగును. కండరములలోను, క్రొవ్వు కణములలోను చక్కెర ద్వారములు చిన్న తిత్తులలో లోపల దాగియుండును. వీనికి గ్లూట్-4 అని పేరు. ఎ.కె.టి. పూనికచే ఆ తిత్తులు పొరయొద్దకు పోయి కలియును. ద్వారములు పైకి వచ్చును. రక్తమందలి చక్కెర లోపలికి పోవును. కాలేయమున నీ పిలుపు వలననే చక్కెరను రక్తములోనికి విడుచుట తగ్గి, దాచుకొనుట హెచ్చును. ఒక్కొక్క మెట్టునందు ఒకటి పెక్కింటిని కదలించును గావున, వాకిటి చిన్న మాట లోపల పెద్ద పని యగును. పని తీరిన పిమ్మట ఆ గుర్తులను తొలగించు మాంసకృత్తులును వేరుగా నున్నవి. పేరంటపు బొట్టుతో పోలిక యిచ్చటితో సరి.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. పెద్దవయసున సాధారణముగా కలుగు మధుమేహమున దూత వాకిటికి వచ్చును, గ్రాహకము పట్టుకొనును, లోపల చేతినుండి చేతికి మాట యందుట మందగించును. కాలేయమునందును కండరములందును క్రొవ్వు పేరుకొనుట యిందుకొక ముఖ్య కారణము. మాట వినబడకున్న క్లోమము మరింత ఇన్సులిన్‌ను పంపును. కొన్నియేండ్లు అట్లు శ్రమించి, తుదకది యలసిపోవును. ఇన్సులిన్ ఎక్కువగా నుండియు చక్కెర తగ్గకుండుటకు కారణమిదియే. వంశమునుండి వచ్చిన తత్త్వమును ఇందు గలదు. "తీపి తిని తెచ్చుకొన్నది" అని యింటివా రొక్కమాటలో తీర్పు చెప్పుట న్యాయము గాదు.

పిల్లలకు తరచుగా వచ్చు రకము వేరు. అందు క్లోమము ఇన్సులిన్‌ను తయారుచేయు శక్తినే కోల్పోవును. లోపల నందరును సిద్ధముగా నున్నను పిలుచువారు లేరు. అట్టి బిడ్డకు సూదిమందు మాన్పి, ఎవరో చెప్పిన కషాయము నిచ్చినచో కొలది దినములలోనే ప్రాణాపాయము కలుగును. తల్లు లీ భేదమును మరువరాదు.

సంతోషింపదగిన సంగతి యొకటి గలదు. చక్కెర ద్వారములను పైకి రప్పించుటకు కండరమునకు రెండవ దారి యున్నది. నడచునపుడు, పని చేయునపుడు, కండరము ముడుచుకొనుటచేతనే గ్లూట్-4 ద్వారములు పొరయొద్దకు చేరును. ఇందుకు ఇన్సులిన్ పిలుపుతో పనిలేదు. అంతియే గాక, తగినంత శ్రమచేసిన పిమ్మట ఒకటి రెండు దినములవరకు కండరము ఇన్సులిన్ మాటను మునుపటికంటె బాగుగా వినును. భోజనానంతరము నడువుడని వైద్యులు చెప్పుట కిదియే మూలము. అయితే ఇన్సులిన్‌గాని, చక్కెరను దించు మాత్రలుగాని వాడువారు శ్రమను హెచ్చించుటకు ముందు వైద్యు నడుగవలెను. చక్కెర మితిమీరి పడిపోవుటయు ప్రమాదమే.

గర్భిణుల విషయమున ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. మాయనుండి పుట్టు హార్మోనులు తల్లి కణములు ఇన్సులిన్ పిలుపును తక్కువగా వినునట్లు చేయును. కడుపులోని బిడ్డకు చక్కెర యందుటకు ప్రకృతి చేసిన యేర్పాటిది. దానికి సరిపోవునంత ఇన్సులిన్‌ను తల్లి క్లోమము విడువలేనపుడు గర్భకాల మధుమేహము కలుగును. పైకి లక్షణము లేవియు కనబడకపోవచ్చును. కావున వైద్యులు చెప్పినప్పుడు, ముఖ్యముగా 24 నుండి 28 వారముల నడుమ, పరీక్ష చేయించుకొనవలెను. కాన్పైన పిమ్మట సాధారణముగ నిది శమించును గాని, తరువాతి కాలమున మధుమేహము వచ్చు నవకాశము వీరి కధికము. బిడ్డ చేతికి వచ్చినదిగదా యని తల్లి తన మాట మరచుట మంచిది గాదు; 6 నుండి 12 వారములలో మరల పరీక్షింపించుకొనవలెను.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలివారి యధ్యయనము ప్రకారము మనదేశమున మధుమేహము గలవారు 10 కోట్లకు పైబడి యున్నారు. వీరిలో ఇంటిల్లిపాదికి వండిపెట్టి, తుదిపంక్తిలో భుజించి, మామగారి మాత్రలు వేళకందించుచు, తన రక్తము నెన్నడును పరీక్షింపించుకొనని యిల్లాండ్రెందరో! అర్ధగంట నడచుటకు తీరిక యేదని యామె యడుగును. ఆ తీరికను కల్పించుట ఇంటివారి విధి. కోరి తీసికొనుట యామె హక్కు. భర్తలును, అత్తగార్లును, ఎదిగిన బిడ్డలును ఈ సంగతిని గ్రహించి, సాయంకాల మొక్క అర్ధగంట పొయ్యికడ పనిని తాము పంచుకొందురుగాక యని మా విన్నపము.