బుడమేటి గట్టు, ప్రభుత్వపు కట్ట

మైలవరము కొండలలో పుట్టి కొల్లేటిలో కలియు బుడమేరు, ఏడాదిలో అధికభాగము పిల్లకాలువవలె కన్పట్టునదే యైనను, 2024 సెప్టెంబరు 1వ తేదీన విజయవాడలోని సింగ్‌నగరు మొదలగు పేటలను ముంచి, అచ్చటివారిని దినముల తరబడి మేడలమీదనే నిలిపినది. వెలగలేరు లాకులనుండి వరదను కృష్ణకు మళ్లించు డైవర్షను కాలువకు మూడుచోట్ల గండ్లు పడుట, మరునాటికి ప్రకాశము బ్యారేజీవద్ద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరిన కృష్ణ ఆ కాలువనీటిని తనలోనికి రానీయకుండుట, పూడికయు ఆక్రమణలును ఏటిదారిని ఇరుకు చేయుట అను కారణములు అందరును చెప్పినవే. గోడమీది బురదచారను ప్రతి సంక్రాంతికిని సున్నముతో కప్పుకొను గృహస్థునకు కావలసినది మాత్రము వేరు: ఈ నీరు వచ్చునని ఎరిగి, ఎవరైనను, ఎక్కడనైనను, ముందుగా ఒక కాగితము వ్రాసియుండిరా?

వ్రాసియుండవలెననియే శాసనము. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టపు 31వ సెక్షను ప్రతి జిల్లాకును ఒక ప్రణాళిక ఉండవలెననియు, ముప్పునకు లోనగు ప్రాంతములను అందు గుర్తింపవలెననియు, దానిని ఏటేట సమీక్షించి సవరింపవలెననియు విధించుచున్నది. ఆ సంవత్సరముననే వచ్చిన సమాచార హక్కు చట్టము దానిని అడిగి చూచు అధికారమును పౌరునకిచ్చినది. ఆంధ్రప్రదేశములో గ్రామస్థాయిని రుసుమే లేదు; మండలమున 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు.

చిక్కంతయు ప్రశ్నను కూర్చుటలోనే యున్నది. ‘మా పేట ఎందుకు మునిగినది?’ అని వ్రాసినచో, కార్యాలయమున ఉన్న దస్త్రములే సమాచారమనియు, హేతువులు చెప్పుట తమ విధి కాదనియు ప్రత్యుత్తరము వచ్చును. ఆ మాట చట్టరీత్యా తప్పును కాదు. కావున దుఃఖమును ఇంటనే విడిచి, ప్రణాళికను కడపట సవరించిన తేదీయు దాని ప్రతియు, లోతట్టు వార్డుల జాబితా, గండ్లు పడిన దినములలో లాకుల తలుపులు ఎత్తిన వేళలను తెలుపు రిజిస్టరు పుటలు, పూడికతీతకు వ్రాసిన అంచనాలు, చెల్లించిన బిల్లులు అని పేరుపేరున అడుగవలయును. ఏల అడుగుచున్నావని ప్రశ్నించుటకు అధికారికి హక్కు లేదు.

ఇక లాకులు జలవనరుల శాఖవి, మురుగుకాలువలు నగరపాలక సంస్థవి, ప్రణాళిక కలెక్టరు కార్యాలయముది. ఏరు ఒక్కటియైనను కాగితములు మూడిండ్ల కాపురము చేయుచుండును. ఒక కార్యాలయమునకు వచ్చిన దరఖాస్తు మరియొకదానికి సంబంధించినదైనచో, 5 దినములలో అచ్చటికి పంపవలసిన బాధ్యత అధికారిదేగాని దరఖాస్తుదారునిది కాదు. ప్రతులకంటె ఫైలును స్వయముగా పరిశీలించు హక్కే విలువైనదని నాకు తోచును. ఏలయన, చక్కగా అచ్చొత్తిన ప్రణాళికలో కానరాని సంశయములు, ‘నిధులు లేవు’, ‘మరల సమర్పింపుడు’ అను అంచురాతలు, నోటుపుటలలోనే దాగియుండును.

సమాధానమునకు గడువు 30 దినములు. ప్రాణమునకు సంబంధించినదైనచో 48 గంటలు. ఈ రెండవ నియమము వినుటకు గొప్పదే కాని, వీధిలో నడుములోతు నీరు నిలిచిననాడు తపాలు విభాగమునకు పోయి రసీదు తెచ్చుకొను ధీరుడెవ్వడు? అడుగుటకు తగిన కాలము వేసవియే. ఏటిలో ఇసుకయు నిద్రయు మాత్రమే యున్న నెలలు.

ఇంతయు చేసిన పిదప, ఏటేట సవరింపవలసిన ప్రణాళిక ‘ఈ కార్యాలయమున లభ్యము కాదు’ అను ఒంటివాక్యపు జాబు రావచ్చును. దానిని చించివేయుట అవివేకము. లేదన్న మాట అధికారి సంతకముతో, తేదీతో, ముద్రతో చేతికి వచ్చినది; దరఖాస్తు రసీదుతోపాటు దానిని ప్రథమ అప్పీలునకు జతపరచుటకు మరి 30 దినములు గడువు కలదు.