భాష రాని దేశమునకు ఒంటరిప్రయాణము

మా పాఠశాలలోఁ జదివిపోయిన యొక యువతి టోకియో డిస్నీలాండును ఒంటరిగాఁ బోయి చూడవలెనని తన జీతములోనుండి సొమ్ము కూడఁబెట్టుకొనినది. "జపాను భాష యొక్క ముక్కయైన రాదే, యెట్లు పోవుదు వమ్మా?" యని తలిదండ్రులు వారించుచున్నారు. వారి భయమును మేము పరిహసింపము. అయినను ఆమెను ఆపుట న్యాయము కాదని మా యభిప్రాయము.

1983లోఁ దెఱవఁబడిన యా వినోదవనము పేరునకే టోకియోది. ఉన్నది పొరుగున చిబా ప్రాంతమందలి ఉరయాసు పట్టణమున. టోకియో స్టేషనులోఁ గేయో మార్గపు రైలెక్కి మైహామాలో దిగవలెను. ఆ స్టేషనునకు జె.ఇ. 07 అను గుర్తు కలదు గనుక, పేరు చదువలేనివారును సంఖ్యను జూచి దిగవచ్చును. 1964 ఒలింపిక్ క్రీడలకు వచ్చు విదేశీయులకొఱకే జపానువారు బొమ్మగుర్తులను శ్రద్ధతో రూపొందించిరి.

మాటలను మార్చి చెప్పు సెల్‌ఫోను కలదుగదా యందురు. బ్యాటరీ యయిపోయినచో నదియు మూగదే. అంతకంటెఁ గతకాన లిపి నేర్చుట మేలు. మూలాక్షరములు 46 మాత్రమే. మన పిల్లలు ఓనమాలలో నంతకంటె నెక్కువ దిద్దుదురు! పరభాషాపదములను జపానువారు సాధారణముగా నా లిపిలోనే వ్రాయుదురు. కాఫీ 'కోహీ', హోటలు 'హోతెరు', టికెట్టు 'చికెత్తో' యగును. కూడఁబలుకుకొన్నచో నెఱిఁగిన యింగ్లీషుమాటయే మాఱువేషమున నెదురగును.

ఇఁకఁ దలిదండ్రులు చేయఁదగిన పని యొకటి కలదు. బస పేరును, చిరునామాను, ఆమెకుఁ బడని మందులను జపాను లిపిలో నొక కాగితముపై వ్రాయించి, క్రింద అంబులెన్సుకు 119, పోలీసులకు 110 అని చేర్పవలెను. దానిని సంచిలోఁ గాక యొంటిమీఁదనే యుంచుకొమ్మని చెప్పవలెను. రెండవ ప్రతి యింటియొద్ద నుండవలెను.