పడిపోవుట వార్ధక్య ధర్మము కాదు

కాలు జాఱిన తీసికొనవచ్చును గాని నోరు జాఱిన తీసికొనలేమని మనవారు చెప్పుదురు. నోటి విషయమున ఈ సామెతతో మాకు వాదము లేదు. కాలి విషయమున మాత్రము ఇది పడుచువారికే చెల్లును. పదునైదేండ్ల బాలుడు ఆటస్థలమున పడినచో దుమ్ము దులుపుకొని లేచును. డెబ్బదియైదేండ్ల మామ్మ స్నానపుగదిలో పడినచో ఆ జాఱిన కాలిని మరల తీసికొనుట యొక్కొక్కప్పుడు సాధ్యము కాదు. తుంటియెముక విఱుగును; శస్త్రచికిత్స కావలసివచ్చును; నెలల తరబడి మంచము పట్టవలసివచ్చును. లేచినను వెనుకటి నడక అందఱికి తిరిగిరాదు. మంచముమీద నున్న కాలముననే కొందఱు ఊపిరితిత్తుల వ్యాధిచేతను, పడకపుండ్లచేతను మరణింతురు.

ఇది యేదో యొక యింటి దురదృష్టము కాదు. ప్రపంచారోగ్యసంస్థవారు 2021 లో ప్రకటించిన అంచనా ప్రకారము లోకమున ఏటేట 6 లక్షల 84 వేలమంది పడుటవలన మరణించుచున్నారు. వారిలో నూటికి 80 మందికంటె ఎక్కువమంది తక్కువ ఆదాయమో మధ్యస్థమైన ఆదాయమో గల దేశములవారు. ఇట్లు మరణించువారిలో అరువదేండ్లు దాటినవారే అధికులు. అదే సంస్థ 2007 లో వెలువరించిన నివేదికనుబట్టి 65 ఏండ్లు నిండినవారిలో నూటికి 28 మొదలు 35 మంది ప్రతి సంవత్సరము పడుచున్నారు. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశమున అరువదేండ్లు నిండినవారు 10 కోట్లకు పైబడియుండిరి. కావున మన పాఠశాలలో ఏ తరగతిలోనైనను, తాతయో, మామ్మయో, అమ్మమ్మయో ఈ యపాయమునకు లోబడియుండని కుటుంబములు మిక్కిలి కొన్నియే యుండును.

అయినను మన యిండ్లలో ఎవరైన పెద్దలు పడినప్పుడు వినవచ్చు మాట యేది? "వయస్సు మీఱినది, పడినారు, ఏమి చేయగలము?" అని. ఈ మాట సానుభూతివలె వినబడును గాని యిది సోమరితనపు మాట. ముసలితనము ఎవరిని త్రోయదు. పడుటకు కారణములు గలవు; కారణము గలదానిని చాలవఱకు తప్పింపవచ్చును. మఱియొక మాటయు మేము ఖండితముగ చెప్పదలచితిమి. వృద్ధులు పడకుండుటకు వారిని కూర్చుండబెట్టుట మార్గము కాదు. ఇంటిని సవరించి వారిని నడువనిచ్చుటయే మార్గము.

కారణములు కొన్ని దేహమున, కొన్ని మందులలో, కొన్ని యింటిలో నుండును. వయస్సు పెరిగినకొలది తొడల కండరములు క్షీణించును. లోచెవియందు దేహపు సమతూకము నెఱిగించు శక్తి మందగించును. మధుమేహము చాలకాలముగ నున్నవారికి అరికాలికి నేల తాకినట్లే తెలియదు. కంటిలో శుక్లములు ముదిరినచో మెట్టునకును నీడకును భేదము కనబడదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నగరమున డెబ్బదేండ్లు దాటిన స్త్రీలకు శుక్లములున్న మొదటి కంటికి ఆలస్యము చేయక శస్త్రచికిత్స చేయగా, వేచియున్న వారికంటె వారు పడుట నూటికి 34 వంతులు తగ్గెనని 2005 లో ప్రకటింపబడినది. "ఇంక ఈ వయస్సులో కన్నెందులకు?" అని పలుకువారు ఈ సంగతి గమనింతురుగాక. దగ్గఱి చూపునకు పెట్టుకొను కండ్లద్దములతో మెట్లు దిగరాదనియు పెద్దలకు జ్ఞాపకము చేయవలెను.

పడుకొన్నవారు దిగ్గున లేచినప్పుడు రక్తపుపోటు తగ్గి కన్నులు తిరుగవచ్చును. మొదట మంచముమీదనే కూర్చుండి, కాళ్లు కొంచెము కదలించి, తల తిరుగుట లేదని తెలిసికొనిన పిమ్మట లేచుట మంచిది. నిద్రమాత్రలును, రక్తపుపోటునకు వాడు కొన్ని మందులును ఈ తూలుటను అధికము చేయును. అట్లని ఎవరంతట వారు మందు మానరాదు. వాడుచున్న మందులన్నిటిని ఒక సంచిలో వేసికొని వైద్యునియొద్దకు పోయి, "వీనిలో ఏవైన తగ్గింపవచ్చునా?" అని యడుగవలెను. ముగ్గురు వైద్యులు మూడు కాలములందు వ్రాసిన మాత్రలను ఒక్కచోట చూచినవారు ఎవరును లేకుండుట మన యిండ్లలో సాధారణము.

ఇప్పుడింటిలోనికి వత్తము. వాకిట తెల్లవాఱుజామున కళ్లాపి చల్లుదురు. అది యాఱకమునుపే, వెలుగు చాలని సమయమున, పెద్దలు వెలుపలికి వత్తురు. గచ్చుగాని, నాపరాయిగాని, పాలరాయిగాని తడిసినచో జాఱుడు బల్లయగును. నేల తడిగుడ్డతో తుడిచినవారు ఇంటి పెద్దలకు ఒక్కమాట చెప్పుటకు ఖర్చేమియు లేదు. మన యిండ్ల గడపలు ఎత్తైనవి. వానిని తీసివేయుడని మేము చెప్పము. గడప నేలరంగులో కలిసిపోక స్పష్టముగ కనబడవలెనని మాత్రము చెప్పుదుము. పసుపు పూసిన గడప ఈ పనికి చక్కగ నుపకరించును. గడపయొద్ద వేసిన కాళ్ల పట్టా కదలుచున్నను, అంచు మడతపడియున్నను తీసివేయుటయే మేలు.

అన్నిటికంటె అపాయకరమైనది స్నానపుగది. పండుగనాడు తలంటుకొనువేళ నూనె నేలపై కాఱును, అరికాళ్లకు అంటును. దానిపై కుంకుడురసపు నురుగు చేరును. భోగికిని దీపావళికిని వేకువజాముననే చీకటిలో ఈ స్నానము జరుగును. కన్నులలో కుంకుడురసము పడకుండ కన్నులు మూసికొని తడుముకొనుచు నడచుటయు గలదు. ఇంతకంటె పడుటకు అనువైన సమయమేది? పెద్దలు నిలుచుండి స్నానము చేయక, కదలని ఎత్తైన పీటమీదనో కుర్చీమీదనో కూర్చుండవలెను. గోడకు గట్టిగ నాటిన ఇనుపకమ్మి యొకటి చేతికందునట్లుండవలెను. తుండుగుడ్డ వేయు కొయ్యయు, నీళ్ల బకెట్టు అంచును దేహభారమును మోయలేవు. మరుగుదొడ్డిలో గొంతుకూర్చుండి లేచుట కష్టమైనవారికి అచ్చటను అట్టి కమ్మి యవసరము. లోపలి గడియ వెలుపలినుండి తీయదగినదిగ నుండవలెను.

రాత్రి రెండు మూడు మాఱులు లేచి దొడ్డివైపు పోవుట వృద్ధులకు సహజము. మంచమునుండి మరుగుదొడ్డివఱకు గల త్రోవలో చిన్న దీపమొకటి తెల్లవాఱులు వెలుగుచుండవలెను. కరెంటు పోయినప్పటికై దిండుప్రక్కన టార్చిలైటు ఉండవలెను. నులకమంచము నడుమ వదులై గుంటపడినచో దానినుండి లేచుటయే యొక సాహసము. నులక బిగించుట ఒక పూట పని. నేల నూడ్చు పంచె అంచును, జాఱిన చీర కుచ్చిళ్లును, అడుగు అరిగిన రబ్బరు చెప్పులును కాలికి శత్రువులు. నడవలో నిలిపిన సైకిలు, గుమ్మమునకడ్డముగ పడవేసిన పుస్తకపు సంచి, నేలపై ప్రాకుచున్న సెల్‌ఫోను తీగ, దొర్లుచున్న గోళీలు, వీనిని అచ్చట వేసినదెవరో మా విద్యార్థులను మేము అడుగ నక్కఱలేదు.

ఇంటి సవరణ వ్యర్థప్రయాస యని ఎవరైన తలచుదురేమో. అనేక దేశముల పరిశోధనలను ఒకచోట కూర్చి 2023 లో ప్రచురించిన కాక్రేన్ సమీక్షలో, ఇంటిలోని అపాయములను తొలగించుటవలన పడుట నూటికి 26 వంతులు తగ్గినదనియు, అంతకుముందు పడియున్నవారు మొదలగు అధికాపాయము గలవారి విషయమున 38 వంతులు తగ్గినదనియు తేలినది. ఒక దీపము, ఒక ఇనుపకమ్మి, ఒక గట్టి పీట, వీనికగు వ్యయము తుంటి శస్త్రచికిత్స వ్యయముతో పోల్చదగినది కాదు. బీదయింటివారును చేయగల పనులే వీనిలో పెక్కులు.

ఇఁక మన ప్రేమలో నున్న దోషమును గూర్చి చెప్పవలసియున్నది. నాయనమ్మ ఒకసారి పడినదా, ఇంటిల్లిపాది ఆమెను చుట్టుముట్టి, "నాయనమ్మా! నీవు లేవవలదు, కావలసినది మేము తెచ్చి యిచ్చెదము" అందురు. ఈ మాటలో ప్రేమ గలదు, సందేహము లేదు. కాని కూర్చున్న కాలు నానాటికి బలహీనమగును. బలహీనమైన కాలు మరల తూలును. అట్లు తూలినదానిని చూచి, కూర్చుండబెట్టుట మంచిదే యైనదని మనము సంతసింతుము. ఈ ప్రేమవలన మఱియొక కీడును గలదు. పడితిమని చెప్పినచో తమ్ము వంటయింటిలోనికి పోనీయరని, పొరుగింటికి పోనీయరని, పెరటి మొక్కలకు నీళ్లు పోయనీయరని వృద్ధులు భయపడుదురు. అందుచేత చిన్న చిన్న పడుటలను దాచుదురు. ఒకసారి పడినవారు మరల పడుట యెక్కువ గనుక, ఆ దాచిన మొదటి పడుటయే మనకు తెలియవలసిన హెచ్చరిక. నిర్బంధమునకు భయపడువారు నిజము చెప్పరు. కావున పడినవారిని మందలింపక, "ఎచ్చట? ఏవేళ? కాళ్లకు ఏమున్నది? కన్ను తిరిగినదా?" అని మెల్లగ నడిగి, కారణమును తొలగించి, వారి తిరుగుడును వారికి విడిచిపెట్టవలెను.

విడిచిపెట్టుటయే కాదు, కాళ్లకు బలము కూర్చవలెను. 2019 లో ప్రచురింపబడిన మఱియొక కాక్రేన్ సమీక్షలో 25 దేశములలో జరిగిన 108 పరిశోధనలను పరిశీలించి, వ్యాయామమువలన వృద్ధులు పడుట నూటికి 23 వంతులు తగ్గునని తేల్చిరి. అందును సమతూకమును అభ్యసింపజేయు వ్యాయామమే ముఖ్యము. న్యూజీలండు దేశపు ఒటాగో విశ్వవిద్యాలయమువారు ఇంటియొద్దనే చేసికొనదగిన అట్టి పద్ధతి నేర్పఱచిరి. అందలి పనులు కష్టమైనవి కావు. కిటికీ ఊచలు పట్టుకొని మడమ లెత్తి మునివేళ్లపై నిలుచుట. గట్టి కుర్చీనుండి చేతుల యూత తగ్గించుకొనుచు లేచి కూర్చుండుట. గోడప్రక్కన ఒక పాదము ముందు మఱియొక పాదముంచి నడచుట. వారమునకు మూడు దినములు అరగంటచొప్పున చేసిన చాలును. మొదటి దినములలో ప్రక్క నొకరు నిలిచియుండవలెను. గుండెజబ్బు మొదలగునవి యున్నవారు వైద్యుని సలహా పొందవలెను. చేతికఱ్ఱ పట్టుటకు సిగ్గుపడు తాతగార్లకు మేము చెప్పునది యేమనగా, కఱ్ఱ ముసలితనమునకు గుఱుతు కాదు, స్వాతంత్ర్యమునకు మూడవకాలు.

ఎన్ని జాగ్రత్తలు తీసికొన్నను ఒకప్పుడు పడుట సంభవింపవచ్చును. అప్పుడు తొందరపడి చంకలక్రింద చేతులు వేసి లేవనెత్తరాదు. కాలు పొట్టిగ నగుపడినను, వెలుపలివైపునకు తిరిగియున్నను, కదలింపలేనంత నొప్పి యున్నను, తుంటియెముక విఱిగియుండునని యెంచి, కదలింపక, దుప్పటి కప్పి, 108 నకు ఫోను చేయవలెను. తైలము మర్దించుచు దినములు గడుపరాదు. తలకు దెబ్బ తగిలినవారు, అందును రక్తము పలుచబడుటకు మందు వాడువారు, పైకి గాయము కనబడకున్నను ఆసుపత్రికి పోవలెను. దెబ్బ లేనివారు ప్రక్కకు ఒత్తిగిలి, చేతులు మోకాళ్లమీద ప్రాకి, దగ్గఱి కుర్చీ నానుకొని మెల్లగ లేవవచ్చును. పగలు ఇంట ఒంటరిగ నుండు పెద్దలు ఫోను మెడకో నడుమునకో కట్టుకొనుట మేలు. ఎత్తైన బల్లమీది ఫోను నేలపై పడినవారికి అందదు.

విద్యార్థులారా! ఈ విషయమున మీకంటె తగినవారు లేరు. తండ్రి పనికి పోవును; తల్లికి పొయ్యి, నీళ్లు, సంత గలవు. ఇంటి నేలను అన్నిటికంటె దగ్గఱగ చూచువారు మీరు. ఈ ఆదివారము ఒక కాగితము తీసికొని, మీ తాతగారితోనో, మామ్మగారితోనో కలిసి వాకిటినుండి పెరటివఱకు నడువుడు. వారు ఎచ్చట గోడ పట్టుకొందురో, ఎచ్చట అడుగు వేయుటకు సందేహింతురో చూచి వ్రాయుడు. మీకు తోచినదికాక వారు చెప్పినది మొదట వ్రాయుడు. ఆ యిల్లు మీకంటె వారికి బాగుగ తెలియును. సంచియు, సైకిలును, గోళీలును ఆనాడే తీయుడు. దీపమును, కమ్మిని గూర్చి తండ్రిగారితో చెప్పుడు. పిమ్మట సాయంకాలము మామ్మగారికి చేయి యిచ్చి వీధి చివరవఱకు నడిపింపుడు. మీకు నడక నేర్పినప్పుడు వారు మిమ్ము ఉయ్యాలలోనే కట్టివేయలేదు; పడుదురని యెఱిగియు, వ్రేలు పట్టుకొని నడిపించిరి. ఆ ఋణము అదేరీతిని తీర్పవలసినది.