వంశవృక్షంలో అమ్మమ్మ పేరు

మీ తాతగారి తండ్రి పేరు మీకు తెలుసా? బహుశా తెలిసే ఉంటుంది. మరి మీ అమ్మమ్మ తల్లి పేరు? ఆమె పుట్టిన ఊరు? ఈ ప్రశ్న దగ్గర మనలో చాలామంది ఆగిపోతాం. ఎందుకు ఆగిపోతున్నామో ఆలోచించడానికే ఈ వ్యాసం.

తెలుగువారిలో ఒకే ఇంటిపేరు గల కుటుంబాలు కొన్ని సంఘాలుగా ఏర్పడి పనిచేస్తున్నాయి. ఏడాదికొకసారి అందరూ కలుసుకుంటారు. వంశవృక్షాన్ని పుస్తకంగా అచ్చు వేయిస్తారు. పూర్వుల ఊరిలోని గుడికి మరమ్మతులు చేయిస్తారు. తమవారిలో పేద పిల్లల చదువుకు సాయపడతారు. ఇవి మంచి పనులే. పూర్వం వంశాల జ్ఞాపకాన్ని నిలిపే పని కొందరికి వృత్తిగా ఉండేది. పిచ్చుకుంట్లవారు రైతుల ఇళ్లకు వెళ్లి వారి వంశాలను, గోత్రాలను పాడి చెప్పేవారు. హరిద్వారంలోని పండాలు యాత్రికుల కుటుంబాల పేర్లను ‘బహీ’ అనే పొడవాటి పుస్తకాలలో తరతరాలుగా వ్రాసి ఉంచారు. ఇప్పుడు సంఘాలు ఆ పనిని తమ చేతుల్లోకి తీసుకున్నాయి.

అయితే ఇటువంటి పుస్తకాలలో తరచు ఒక లోపం కనిపిస్తుంది. తండ్రి, కొడుకు, మనుమడు అంటూ గీత కిందికి దిగుతుంది. కోడలి పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆమె పుట్టింటి ప్రసక్తి రాదు. కూతురి దగ్గర గీత ఆగిపోతుంది. “పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది, ఆమె వేరే వంశానికి చెందుతుంది గదా!” అని మీరు అనవచ్చు. ఈ మాట ఎంతవరకు సరియైనదో భిలాయి ఉదాహరణతో పరిశీలిద్దాం.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం భిలాయిలో ఉక్కు కర్మాగారం నిర్మించారు. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పుడది మధ్యప్రదేశ్. 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్. దేశం నలుమూలల నుండి జనం పనికోసం ఇక్కడికి వచ్చారు. ఉత్తరాంధ్ర నుండి కూడా ఎందరో వచ్చారు. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలుమార్గం వారికి దారి చూపింది.

ఇప్పుడు నెహ్రూ నగర్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. తాతగారు ప్లాంటులో పనిచేసి రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. మనుమరాలు హిందీ మాధ్యమంలో చదివింది. ఇప్పుడు మీలాగే ఇటువంటి పుస్తకం ముందు పెట్టుకొని తెలుగు నేర్చుకుంటున్నది. సంఘంవారు అచ్చు వేసిన వంశవృక్షంలో ఆమెకు తాత, ముత్తాత కనిపించారు. కాని తాత ఈ ఊరికి ఎలా వచ్చాడో అందులో లేదు. ఆమె నాయనమ్మను అడిగింది.

“మా అప్ప మొగుడు ముందొచ్చాడమ్మా. ఆయన ఉత్తరం రాస్తే మీ తాత రైలెక్కాడు. క్వార్టరు దొరికేవరకు మా అప్పే మాకు అన్నం పెట్టింది” అన్నది నాయనమ్మ.

చూశారా! ఆ కుటుంబాన్ని భిలాయికి చేర్చింది ఇంటిపేరు కాదు, నాయనమ్మ అక్కగారి చుట్టరికం. బావ, బావమరిది, మేనమామ, వియ్యంకుడు – వలస వచ్చేవారికి ఆసరా ఇచ్చేది తరచు ఇటువంటి బంధువులే. ఆ బంధాలన్నీ ఆడవారి ద్వారా ఏర్పడినవే. వారిని వదిలేస్తే మనం ఇక్కడ ఎందుకున్నామో కూడా మనకు అర్థం కాదు.

ఇంకొక సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో కూలిపనికి మారిషస్ వెళ్లిన మనవారి పేర్లు, ఊళ్లు, ఎక్కిన ఓడల పేర్లు నాటి ప్రభుత్వం నమోదు చేసింది. ఆ దస్తావేజులు అక్కడి మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. వాటి సాయంతో మునిమనుమలు తమ పూర్వుల ఊరిని వెదుక్కుంటున్నారు. రైలెక్కి భిలాయి వచ్చిన కుటుంబాలకు ఓడ చిట్టా వంటిది లేదు. ఉద్యోగి పేరు ఆఫీసు కాగితాలలో ఉండవచ్చు. అతనికి అన్నం పెట్టిన వదినగారి పేరు ఏ కాగితంలో ఉంటుంది? అది పెద్దల మనసులో మాత్రమే ఉన్నది. వారితోపాటే అదీ పోతుంది.

స్త్రీల పేర్లు చెప్పడం మన సంప్రదాయానికి కొత్త కాదు. తర్పణాలు విడిచే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతలతోపాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లు కూడా చెబుతారు. తల్లి పుట్టింటి పెద్దలనూ తలుస్తారు. చట్టం కూడా మారింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణ ద్వారా కల్పించింది. 2005లో కేంద్ర చట్టం కూడా ఆ మార్పు చేసింది. ఆస్తిలో లెక్కకు వచ్చిన కూతురు వంశవృక్షంలో లెక్కకు రాకపోవడం న్యాయమా?

ప్రతి కూతురి సంతానాన్నీ వ్రాస్తూ పోతే పుస్తకానికి అంతు ఉండదని సంఘాలవారు అనవచ్చు. అది నిజమైన ఇబ్బందే. కాని అన్ని కొమ్మలూ గీయనక్కరలేదు. ప్రతి కోడలికీ, ప్రతి కూతురికీ రెండేసి పంక్తులు చాలు: ఆమె పేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, చేసిన పని, మెట్టినింటి పేరు. పూర్వులలో రాజులనూ జమీందార్లనూ వెదకడానికి పడే శ్రమలో కొంత ఇక్కడ పెడితే సరిపోతుంది.

సంఘం చేసేవరకు మీరు ఆగవద్దు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చోండి. “మామ్మా, నీ చిన్నప్పటి ఊరేది? మీ అమ్మ పేరేమిటి? ఇక్కడికి మొదట ఎవరింటికి వచ్చారు?” అని అడగండి. ఆమె చెప్పినది ఆమె మాటల్లోనే వ్రాసుకోండి. సందేహమున్న పేరును పెన్సిలుతో వ్రాయండి. ఇతర బంధువులను అడిగి సరిచూడండి. ఎవరైనా తమ సంగతి వ్రాయవద్దంటే ఆ మాట మన్నించండి.

తరువాత ఆ నోటుపుస్తకాన్ని మీ సంఘం పెద్దలకు చూపించండి. మీ అమ్మమ్మ తల్లి పేరు ఆ వంశవృక్షంలోకి ఎక్కేవరకు అడుగుతూనే ఉండండి.