పాట యెవరిది?

మొన్న నొక సాయంకాలము ఉత్తరాంధ్రమునుండి వచ్చిన వృద్ధ జముకులకథ గాయకు డొకడు నా యాఫీసుగదిలో కూర్చుండి, మనుమని చేతిలోని సెల్‌ఫోనును నా ముందుంచెను. అందుండి వెలువడుచున్న గొంతు ఆతనిదే. జముకుల మ్రోతయు ఆతనిదే. కాని తెరమీద ఆతని పేరు లేదు. ఎవరో వర్తకుని పేరును, 'జానపదము' అను నొక్క మాటయు, దాని క్రింద లక్షలలో నొక యంకెయు మాత్రమే యున్నవి. "బాబూ, ఈ గొంతు నాదే గదా! ఇన్ని లచ్చలమంది ఇన్నారంట. నాకేటొస్తాది?" అని యాత డడిగెను.

ఆతడు తెచ్చిన కాగితమును చదివితిని. ఆంగ్లమున రెండు పుటలు. చివర నొక వ్రేలిముద్ర. సర్వలోకమందును, శాశ్వతముగను, సర్వసాధనములయందును ఆ గానముపై గల హక్కు లన్నియు అయిదువేల రూపాయలకు ఇచ్చివేసినట్లు అందు వ్రాయబడి యున్నది. చదివి వినిపించినవారు లేరట. ఆతని ప్రశ్న ఆతని యొక్కనిదే యైనచో నీ వ్యాసముతో బనిలేదు. అది పాడువారందఱి ప్రశ్న. వినువారమగు మనకును తప్పని ప్రశ్న.

యంత్రము సంగీతమును చెఱచెనని వాపోవుట నా యుద్దేశము గాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకొఱకు పాడినప్పుడు గంటలకొలది సాగు రాగము మూడు నిమిషములలో నిమిడిపోయెను. కొందఱు నవ్విరి, కాని నేడు ఆమె గొంతును మనము వినగలుగుచున్నామన్న ఆ పలకయే కారణము. స్ట్రీమింగ్ అనబడు నేటి పద్ధతియు నట్టిదే. 2008లో స్వీడనున ప్రజలకు లభ్యమైన స్పాటిఫై 2019లో మన దేశమునకు వచ్చెను. అంతకుముందే స్వదేశపు సేవలు కొన్ని నడచుచుండెను. సభకు టిక్కెట్టు కొనలేని పల్లెటూరి బాలిక సైతము నేడు ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలును ఇంటి యరుగుమీద కూర్చుండి వినవచ్చును. ఈ లాభమును కాదనువాడు మూఢుడు.

ఐనను సొమ్ము నడచు దారిని తెలిసికొనవలయును. నీవు చెల్లించిన చందా నీవు విన్న గాయకునికే చేరునని తలంపవలదు. చందాలును ప్రకటనల రాబడియు నొక్క కుప్పగా బోసి, సేవవారు తమ వాటా తీసికొని, మిగిలినదానిని మొత్తము వినికిడులలో నెవరి కెన్ని వచ్చెనో ఆ లెక్కనుబట్టి హక్కుదారులకు పంచుట వాడుకలోనున్న పద్ధతి. స్పాటిఫైలో పాట 30 సెకండ్లు సాగిననే యొక వినికిడి. 2024 నుండి, గడచిన 12 నెలలలో 1000 వినికిడులైన లేని పాటకు ఆ పంపకములో నేమియు రాదు. లోకమంతయు వినెడి పాటకును, నాలుగు గ్రామములు మాత్రమే యెఱిగిన పాటకును నొక్కటే కొలపాత్ర! పైగా పంపకము హక్కుదారునికే గాని పాడినవానికి గాదు. హక్కును అయిదువేలకు అమ్ముకొన్నవాని కెన్ని లక్షల వినికిడులైన నేమి?

ఇక వినువాని స్థితియో, అద్దె యింటివాని స్థితి. 2024లో వింక్ అను సేవ మూతపడెను. ఏండ్ల తరబడి అందు పాటలను ఏర్చి కూర్చుకొన్నవారు వేఱు నీడ వెదకికొనవలసి వచ్చెను. కొన్న పలక పెట్టెలో నుండును. అద్దె పాట యజమాని యిష్టము.

మన శాసనము ఈ విషయమున మూగది గాదు. 1957 నాటి కాపీరైటు చట్టమున గాయకునికి చోటు లేకుండెను. 1977లో సుప్రీముకోర్టు చలనచిత్రముల పాటల విషయమున నిర్మాతల పక్షముననే తీర్పు చెప్పెను. ఆ తీర్పులోనే జస్టిస్ కృష్ణయ్యరుగారు పాడువానికి హక్కు లేకుండుట భారతీయ సంప్రదాయమునకు తగదని వగచిరి. 1994లో ప్రదర్శకుని హక్కు శాసనమున కెక్కెను. 2012 నాటి సవరణచే, చిత్రములకు పాట వ్రాసినవాడును బాణీ కట్టినవాడును రాయల్టీలో సమభాగమును వదలుకొన జాలని యేర్పాటు జరిగెను. వర్తకమునకై వాడబడు ప్రదర్శనమున గాయకునికి రాయల్టీ పొందు నర్హతయు, తన పేరు చెప్పబడవలెనని కోరు హక్కును ఏర్పడెను. గడువు వ్రాయని హక్కుపత్రము అయిదేండ్లకే చెల్లును. జానపదగేయమునకు కర్త తెలియకపోవచ్చును. కాని దానిని పాడిన గొంతునకు కర్త యున్నాడు. ఆ వృద్ధునికి నే నిచ్చిన ధైర్య మింతమాత్రమే. ఐనను చట్టము పుస్తకమున నుండుట వేఱు, జముకుల గాయకుని గుడిసెకు చేరుట వేఱు.

"ఇన్ని షరతులు పెట్టినచో వర్తకులు జానపదుని గడపయే తొక్కరు" అని కొంద ఱందురు. పాలేరునకు కూలి యడిగిననాడును ఈ మాటయే వినబడినది. కూలి యిచ్చినందున పొలము బీడు పడలేదు.

ఇక మన బాలురను ముగ్ధులను జేయుచున్న సంగీతపు ఆటలు. 2005లో వెలువడిన గిటార్ హీరో మొదలు నేటి వఱకు వచ్చిన యిట్టి ఆటలలో తెరమీద రంగుచుక్కలు దిగివచ్చుచుండ లయ తప్పక మీట నొక్కవలెను. మీట నొక్కుట వాయించుట గాదు, నిజమే. కాని చెవియు చేయియు నొక్క లయకు కట్టుపడుట చిన్న విద్యయా? నా యాక్షేపణ వేఱొకటి. ఇట్టి ఆటలలో మిక్కిలి ప్రసిద్ధములైనవి నాలుగు మాత్రల నడకకే కట్టుబడి యున్నవి. అయిదు మాత్రల ఖండచాపును, ఏడు మాత్రల మిశ్రచాపును మన పిల్లలు ఆటలో నేర్చుకొనరాదా? హైదరాబాదున కూర్చుండి లోకమంతటికిని సాఫ్ట్‌వేరు వ్రాసిపెట్టు మన యువకులు తమ తాళములకై యొక్క ఆటను వ్రాయలేరా?

సంగీతమును కల్పించు సాఫ్ట్‌వేరు సంగతియు నిట్టిదే. 1983లో వెలువడిన మిడి యను ఏర్పాటు స్వరములకు 0 మొదలు 127 వఱకు అంకెల నిచ్చినది. అంకెకును అంకెకును నడుమ అరస్వరపు మెట్టు. మన తోడి గాంధారము మెట్టుమీద నిలుచునది గాదు; ఊగునది. స్వరమును వంచుటకు ఆ యేర్పాటున సాధన మున్నది గాని, వంచవలెనని తెలిసినవాడు దాని ముందు కూర్చుండవలెను గదా! యంత్రము సిద్ధముగా నిచ్చిన మెట్లతో తృప్తిపడినచో గమకము మన చెవులనుండియే జాఱిపోవును. ఆడాసిటీ వంటి సాధనము ఉచితముగా దొరకుచున్నది. పాఠశాలయందలి పాత కంప్యూటరు చాలును. దానితో ఊరిలోని ముసలమ్మ పాటను పట్టి దాచవచ్చును.

అన్నమయ్య సంకీర్తనలు శతాబ్దములు తిరుమల యాలయమున రాగిఱేకులమీద నిద్రించినవి. సాహిత్యము మిగిలినది, రాగనామము మిగిలినది, కర్త పేరు మిగిలినది. ఆయన పాడిన బాణీ మాత్రము దొరకలేదు. నేడు తలక్రిందైనది. బాణీ మిగులుచున్నది, గొంతు మిగులుచున్నది, పేరు చెఱగిపోవుచున్నది. రాగిఱేకునకు లేని శక్తి మన చేతికి వచ్చినది గాని, రాగిఱేకు చూపిన మర్యాద మనయందు కనబడదు.

కావున సోదరులారా, చేయవలసినవి మూడు పనులు. ప్రతి జిల్లాయందును న్యాయవాదులు నెల కొక దినము గాయకుల కాగితములను ఉచితముగా చదివి తెలుగున వినిపింపవలెను; నా వంతు దినమును నేనిదే ఇచ్చుచున్నాను. పాఠశాలలు తమ గ్రామపు పాటలను, పాడినవారి పేరు, ఊరు, తేదీతో పదిలపఱుపవలెను. వినువారు మెచ్చిన గాయకుని పేరు తెలిసికొని, నేరుగా నాతనిని పిలిచి పాడించి సంభావింపవలెను.

ఆ వృద్ధుని పక్షమున నోటీసు పంపితిని. ప్రత్యుత్తర మింకను రాలేదు. లేచిపోవుచు నాతడు "సొమ్ము మాట తరవాత బాబూ, ముందు నా పేరేయించండి" అనెను. ఆ మాటకు మన మందఱమును బాకీ పడి యున్నాము.